మన పక్కూళ్ళో ఆకాశం నుండి పడిన రాయి

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. తీరికగా చదవండి. నేను బడిలో చదివిందంతా తమిళంలోనే. తెలుగు అక్షరాలు రిటైరయినాక కూర్చుని నేర్చుకున్నవి. తప్పులుంటే సరిదిద్దండి.

పోయిన కూటానికి పుదూరు వచ్చినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. లెక్కలు చదివి ముగించి, అందరూ కాఫీ తాగుతుండగా మన పిల్లవాడొకడు తుండుగుడ్డలో ఒక రాయి చుట్టుకుని వచ్చినాడు. పేరు రాయను. నల్లగా, పిడికిలి అంత, బరువుగా ఉంది. "మామా, ఇది విణ్కల్ అంట. చుక్క రాలి పడిందంట. బయటి దేశం వాళ్ళు కోటి రూపాయలకు కొంటారంట. టెస్టు చేయడానికి ముందు నలభై వేలు కట్టాలంట. మీరు ఇట్లాంటివి చదువుతారు కదా, చూసి చెప్పండి" అన్నాడు. రాయి ఇచ్చిన మనిషి వాడి కళ్ళముందే అయస్కాంతం పెట్టి చూపించినాడంట. టక్కుమని అతుక్కుందంట. వాడికి అదే రుజువు.

నేను వాడిని తిట్టలేదు. తిట్టే యోగ్యత నాకు లేదు. సర్వీసులో ఉండగా నేనూ ఒకసారి "ఇరిడియం చెంబు" అని, బియ్యపు గింజలను దగ్గరికి లాగుతుందని చెప్పినవాళ్ళను నమ్మి ఇరవై వేలు పోగొట్టుకున్నవాడినే. పీఎఫ్ లోను తీసి ఇచ్చిన డబ్బు. మా ఇంట్లో ఆవిడ ఇప్పటికీ బియ్యం కడిగేటప్పుడు నన్ను ఒక చూపు చూస్తుంది. అందుకే ఆ పిల్లవాడితో, "రెండు రోజులు ఆగరా, డబ్బు మాత్రం కట్టవద్దు" అని చెప్పి రాయి తీసుకుని ఇంటికి వచ్చినాను. ఆ రెండు రోజుల్లో చదివినదే ఈ పోస్టు.

మొదట మనకు తెలియవలసిన సంగతి ఒకటి ఉంది. ఆకాశం నుండి నిజంగా పడిన రాయి, ప్రపంచంలో ఈ శాస్త్రం చదివేవాళ్ళకు బాగా తెలిసిన రాయి, మన పక్కనే పడింది.

1857 ఫిబ్రవరి 28, మిట్టమధ్యాహ్నం. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలవడానికి రెండు నెలల పైన ఉంది. అప్పటి మదురై జిల్లాలో పెద్ద పేలుడు శబ్దాలు వినిపించి, రెండు రాళ్ళు నేలమీద పడినాయి. పెద్దది 134 పౌండ్లు, అంటే సుమారు 61 కిలోలు. చిన్నది 37 పౌండ్లు, సుమారు 17 కిలోలు. ఉల్కల జాబితా పుస్తకాల్లో ఈ రాళ్ళ పేరు "పార్నల్లీ". ఆ పేరుతో మన దిక్కున ఊరు ఏదీ లేదు. అయితే జాబితాలో స్థలం లెక్క ఉంది: ఉత్తరం 9 డిగ్రీల 14 నిమిషాలు, తూర్పు 78 డిగ్రీల 21 నిమిషాలు. ఫోనులో మ్యాపు తెరిచి ఆ అంకెలు వేసి చూడండి. మన పుదూరుకు తూర్పున, పెరునాళి దిక్కున వచ్చి నిలుస్తుంది. పెరునాళి అనే మాటే దొరల చెవిలో పడి పార్నల్లీ అయిందని నా లెక్క. తమిళం "ழ" మన నోటిలోనే సరిగా పలకదు, వాళ్ళకు ఎట్లా పలుకుతుంది?

పెరునాళి అంటే మనకు కొత్త ఊరా? పుదూరు నుండి కముది పోయేవాళ్ళు దాటే దిక్కే. ఫిబ్రవరి చివర అంటే కరిసల్ నేలలో పత్తి కాయ పగిలే కాలం. ఆ మధ్యాహ్నం మన ముత్తాతలు, వాళ్ళ తండ్రులు, పత్తి చేలో తల ఎత్తి ఆకాశం చూసి ఉంటారు. మబ్బు లేకుండా ఉరుము ఏమిటని అడుక్కుని ఉంటారు. కానీ మన ఇళ్ళలో ఆ కథ ఒక్కరి నోటా నేను వినలేదు. మా నాన్నమ్మ ధాతు వర్షం కరువు చెప్పేది, కలరా వచ్చి ఊరు ఖాళీ అయిన కథ చెప్పేది. రాయి పడిన కథ చెప్పలేదు.

మరి అది ఎవరికి తెలిసింది? ఆ కాలంలో అమెరికన్ మదురై మిషన్ పాదిరులు మన దిక్కున మండపసాలైలో ఉండేవారు. టేలర్ అనే పాదిరి ద్వారా చిన్న రాయి అమెరికాలో ఒహాయో రాష్ట్రం, హడ్సన్ ఊరిలోని వెస్టర్న్ రిజర్వ్ కాలేజీకి పోయింది. 1861లో కాసెల్స్ అనే ఆయన దాని గురించి అక్కడి సైన్సు పత్రికలో రాసినాడు. పెద్ద రాయి లండన్ బ్రిటిష్ మ్యూజియం చేరింది. ఇప్పుడు అక్కడి నాచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. 1860ల మొదట్లోనే వియన్నాలో హైడింగర్ అనే పెద్ద శాస్త్రవేత్త కూడా దీని గురించి రాసినాడు. మన దిక్కుకు రైలు వచ్చింది 1870లలో. అంటే ఈ 61 కిలోల రాయి మన కరిసల్ దారిలో ఎద్దుల బండి మీదనే కదిలి ఉండాలి. పార్సిల్ ఆఫీసులో పని చేసినవాడిని కదా, నా బుద్ధి అటే పోతుంది.

అక్కడివాళ్ళు ఆ రాయిని ఏం చేసినారు? అద్దాల పెట్టెలో పెట్టి ఊరుకోలేదు. పలచగా కోసి లోపల చూసినారు. ఉల్కరాయిని 0.03 మిల్లీమీటరు మందానికి, అంటే వెలుగు లోపలికి దూరేంత పలచగా అరగదీస్తారు. గాజు మీద అతికించి సూక్ష్మదర్శినిలో చూస్తారు. అప్పుడు లోపల చిన్న చిన్న గుండ్రటి గింజలు కనపడతాయి. వాటిని కాండ్రూల్ అంటారు. మామూలుగా ఒక మిల్లీమీటరు దగ్గర ఉంటాయి, ఆవగింజ అంత. గింజ అనే అర్థం ఉన్న గ్రీకు మాట నుండే ఆ పేరు. అట్లాంటి గింజలున్న రాళ్ళకు "కాండ్రైట్" అనే పేరును 1860లలో బెర్లిన్‌లో గుస్తావ్ రోజ్ పెట్టినాడు. 1877లో ఇంగ్లాండులో సోర్బీ అనే ఆయన ఈ గింజలు ఒకప్పుడు నిప్పు వాన చుక్కల మాదిరి కరిగి ఉన్నవి అని చెప్పినాడు. భూమి పుట్టకముందు, సూర్యుడి చుట్టూ దుమ్ము తిరుగుతున్న కాలంలో, సుమారు 456 కోట్ల ఏండ్ల కిందట, కరిగి గడ్డకట్టిన చుక్కలు అవి.

మన పిల్లలకు అర్థం అయ్యేట్టు చెప్పాలంటే కోవిల్పట్టి కడలై మిఠాయి చాలు. వేరుశనగ పప్పు ఒక్కొక్కటీ కాండ్రూల్ అనుకోండి. మధ్యలో పట్టుకున్న బెల్లం పాకం, ఆ గింజలను అతికించిన సన్నటి దుమ్ము. పాకంలో పప్పు వేసి చల్లారబెడితే ఏ పప్పు ఎక్కడుందో స్పష్టంగా కనపడుతుంది. దానినే మళ్ళీ పొయ్యి మీద పెట్టి వేడి చేస్తూ పోతే అంచులు కరిగి, ఏది పప్పు ఏది పాకం తెలియని ముద్ద అవుతుంది. ఉల్కరాళ్ళూ అంతే. పుట్టిన చోట ఎక్కువ వేడి తగిలినవాటిలో గింజలు చెదిరిపోయి ఉంటాయి. తక్కువ తగిలినవాటిలో గింజలు పుట్టినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉంటాయి.

దీన్ని లెక్కగా మార్చింది 1967లో వాన్ ష్మస్, వుడ్ అనే ఇద్దరు. 3 అంటే మార్పు తక్కువ. 4, 5, 6 అంటే వరుసగా వేడి ఎక్కువ. 1, 2 అంటే నీళ్ళు తగిలి మారినవి. 1980లో సియర్స్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఆ 3ను కూడా 3.0 నుండి 3.9 దాకా పది భాగాలు చేసినారు.

ఇనుము లెక్క వేరే. 1953లో యూరీ, క్రెయిగ్ అనేవాళ్ళు కాండ్రైట్లను ఇనుము ఎక్కువ ఉన్నవి, తక్కువ ఉన్నవి అని విడదీసినారు. ఎక్కువది హెచ్, తక్కువది ఎల్. తర్వాత 1960లలో మూడోది, ఎల్‌ఎల్ వచ్చింది. అంటే మొత్తం ఇనుమూ తక్కువ, విడి లోహమూ తక్కువ. హెచ్ జాతిలో ఇనుము నూటికి 27 పాళ్ళ దగ్గర, ఎల్‌లో 22 దగ్గర, ఎల్‌ఎల్‌లో 20 దగ్గర.

మన పెరునాళి రాయి చీటీ ఇప్పుడు ఎల్‌ఎల్ 3.6. వేడి తక్కువ తగిలిన, గింజలు చెదరని రాయి. అందుకే నూటయాభై ఏండ్లు దాటినా దాన్ని మళ్ళీ మళ్ళీ కోసి చదువుతున్నారు. 1967లో బిన్స్ అనే ఆయన ఈ రాయిలో మామూలుకు మించిన పెద్ద కాండ్రూల్ ఒకటి కనిపెట్టి, దాని గురించే ఒక వ్యాసం రాసినాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. 1857లో ఎల్‌ఎల్ లేదు, 3.6 లేదు, కాండ్రైట్ అన్న మాటే లేదు. రాయి మారలేదు, చీటీ మారుతూ వచ్చింది. కానీ చీటీలో కొన్ని మారలేదు: ఏ తేదీ, ఏ వేళ, ఎన్ని రాళ్ళు, ఎంత బరువు. ఇవి మొదటే ఎవరో రాసి పెట్టినారు. ఊరి పేరు ఒక్కటి తప్పు చెవితో రాసినారు. ఆ ఒక్క తప్పుకే, పక్క ఊళ్ళో ఉన్న మనకు ఇది మన రాయి అని తెలియకుండా పోయింది.

ఇప్పుడు మిమ్మల్ని కొంచెం దూరం తీసుకుపోతాను. దక్షిణ ధ్రువం, అంటార్కిటికా. ఎందుకంటే చీటీ రాసే పని ఎంత పక్కాగా చేయాలో నేర్పింది ఆ మంచే.

1912లో ఆస్ట్రేలియా నుండి మాసన్ అనే ఆయన తీసుకుపోయిన బృందం అక్కడ ఉంది. అందులో బికర్టన్ అనే ఆయన, ఇంకా ఇద్దరు, పడమటి దిక్కుకు బయలుదేరినారు. రెక్కలు తీసేసిన విమానం ఇంజనుతో స్లెడ్జి బండి లాగించాలని చూసినారు. ఇంజను రెండో రోజుకే చెడిపోయింది. బండిని తామే లాగుకుంటూ నడిచినారు. డిసెంబరు 5న, మకాం నుండి సుమారు 18 మైళ్ళ దూరంలో, తెల్లటి మంచులో సగం దిగబడిన నల్లటి రాయి కనపడింది. సుమారు కిలో బరువు. చుట్టూ ఎటు చూసినా వేరే రాయి లేదు. మంచు ఎడారిలో రాయి ఎక్కడి నుండి వస్తుంది? పై నుండే రావాలి. అంటార్కిటికాలో దొరికిన మొదటి ఉల్కరాయి అదే. పదకొండేండ్ల తర్వాత, 1923లో, బేలీ, స్టిల్‌వెల్ అనే ఇద్దరు దాని వివరం అచ్చు వేసినారు. ఈనాటి లెక్కలో దాని చీటీ ఎల్ 5. మన పెరునాళి రాయి కన్నా ఇనుము కొంచెం ఎక్కువ, వేడి బాగా తగిలినది.

తర్వాత యాభై ఏండ్లకు పైగా అక్కడ దొరికినవి కొన్ని మాత్రమే. 1969 డిసెంబరులో జపాన్ వాళ్ళు యమాటో కొండల దగ్గర మంచు కదలికను కొలుస్తూ ఉండగా నీలం మంచు మీద తొమ్మిది రాళ్ళు దొరికినాయి. ఒకే రాయి పగిలి పడి ఉంటే తొమ్మిదీ ఒకే జాతి కావాలి కదా? పరీక్ష చేస్తే వేరే వేరే జాతులు తేలినాయి. అంటే వేరే వేరే కాలాల్లో, వేరే వేరే చోట్ల పడిన రాళ్ళు ఒక్కచోటికి చేరినాయి. మంచు సముద్రం దిక్కుకు మెల్లగా జారుతూ ఉంటుంది. దారిలో కొండ అడ్డం వస్తే ఆగి పైకి లేస్తుంది. గాలి ఆ మంచును ఏండ్ల తరబడి అరగదీసి ఆవిరి చేస్తుంది. మంచు పోతుంది, రాయి నిలుస్తుంది. మన కళ్ళంలో తూర్పారబడితే పొట్టు పోయి గింజ మిగిలినట్టే. అప్పటి నుండి ఇప్పటిదాకా అంటార్కిటికాలో 40 వేలకు పైగా ఉల్కరాళ్ళు ఏరినారు. మన కరిసల్ నేలలో పడి ఎవరూ తీయనిది వానకు తుప్పు పట్టి, ఎండకు నేల పగిలి, పగులులో దిగి మాయమైపోతుంది.

పేరు పెట్టడం చూడండి. మామూలుగా ఉల్కకు పడిన ఊరి పేరు పెడతారు. నెల్లూరు దిక్కున 1852లో పడినదానికి యాటూరు, విశాఖ దిక్కున 1870లో పడిన ఇనుప రాయికి నెడగొల్ల. మంచులో ఊరు ఎక్కడుంది? అందుకే స్టేషను కోడు మాదిరి పెట్టుకున్నారు. కోవిల్పట్టికి సీవీపీ, విరుదునగర్‌కు వీపీటీ ఉన్నట్టు, అలన్ హిల్స్‌కు ఏఎల్‌హెచ్. దాని పక్కన సంవత్సరం, వరుస నంబరు.

అమెరికా బృందం పద్ధతి చదివితే నాకు మా పార్సిల్ ఆఫీసు గుర్తుకు వచ్చింది. రాయి కనపడగానే చేత్తో ముట్టరు. ఉన్నచోటే నంబరు పెట్టి ఫోటో తీస్తారు. శుభ్రమైన పట్టకారుతో తీసి సంచిలో వేసి మూత వేస్తారు. గడ్డకట్టిన మంచు చలిలోనే హ్యూస్టన్ దాకా పంపుతారు. అక్కడ తేమ లేని నైట్రోజన్ వాయువులో కరగనిస్తారు. అప్పుడు రాస్తారు: బరువు, పొడవు, వెడల్పు, పైన నల్లటి పెంకు ఎంత ఉంది, తుప్పు ఎంత, పగుళ్ళు ఎంత. తుప్పుకు ఏ, బీ, సీ అని గుర్తులు. తర్వాత చిన్న ముక్క తీసి, పలచగా కోసి, ఒలివిన్ అనే పచ్చటి ఖనిజంలో ఇనుము ఎంతో కొలుస్తారు. ఆ అంకెను బట్టి హెచ్ ఎల్ ఎల్‌ఎల్, గింజలను బట్టి 3 నుండి 6. ఒక్కొక్క రాయికీ ఇంతే, గొప్పదీ చిన్నదీ అని లేదు.

ఇంత చేసినా తప్పు రాదా? వస్తుంది. 1984 డిసెంబరు 27న అలన్ హిల్స్‌లో దొరికిన 1.9 కిలోల రాయికి ఏఎల్‌హెచ్ 84001 అని నంబరు ఇచ్చి, డయోజెనైట్ అనే జాతి అని రాసినారు. తొమ్మిదేండ్ల దాకా అదే చీటీ. తర్వాత మిటిల్‌ఫెల్ట్ అనే ఆయన అందులోని ఖనిజాలు లెక్కకు కుదరడం లేదని చూసి, అది అంగారకుడి నుండి వచ్చిన రాయి అని తేల్చినాడు. 1996లో అందులో జీవం గుర్తులున్నాయని ఒక బృందం చెబితే ప్రపంచమంతా సంచలనం. ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఆ మాటను ఒప్పుకోలేదు. ఎవరి మాట ఏదైనా, తప్పు చీటీని సరిచేయగలిగినారు. ఎందుకంటే తేదీ, చోటు, నంబరు, రాయి నాలుగూ విడిపోకుండా ఉన్నాయి.

మా సర్వీసులో చీటీ ఊడిపోయిన పార్సిల్ ఎన్ని చూసినానో. లోపల పట్టుచీరలే ఉండనీ, ఎవరు పంపినారు, ఎవరికి పోవాలి తెలియకపోతే మూల పడి ఉంటుంది. చివరికి వేలానికి పోతుంది. సరుకు మంచిదే, చీటీ లేదు, అంతే.

ఇక ఆ పిల్లవాడి రాయి. చెబుతానన్నాను కదా. ఇంట్లో మిగిలిన టైలు వెనక, మెరుపు లేని పక్కన రుద్దినాను. ముదురు గీత పడింది. రాతి ఉల్క మామూలుగా అట్లా గీత వేయదు. తర్వాత వాడిని పిలిచి, వాడి ఎదురుగానే సుత్తితో మూల కొట్టినాను. లోపల దోసె మీద కన్నుల మాదిరి బుడగల గుంతలు. కాండ్రైట్ రాయిలో బుడగలు ఉండవు. విరిచిన చోట బూడిద రంగులో గింజలు, అక్కడక్కడ మెరిసే లోహపు చుక్కలు కనపడాలి. ఇది ఇనుము కరిగించే చోట మిగిలే చిట్టెం. చిట్టెంలోనూ ఇనుము ఉంటుంది కాబట్టి అయస్కాంతం అతుక్కుంటుంది. వాడు కాసేపు మాట్లాడలేదు. "అయితే నలభై వేలు మిగిలింది మామా" అన్నాడు. నాకు నా ఇరవై వేలు గుర్తుకు వచ్చింది.

మీ చేలో నిజంగా ఏదైనా పడితే కడగవద్దు, అయస్కాంతం అసలు పెట్టవద్దు. రాయి లోపల కోట్ల ఏండ్ల నాటి అయస్కాంత గుర్తు ఉంటుంది, అది చెరిగిపోతుంది. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి, వేళ రాయండి, తాలూకా ఆఫీసులో చెప్పండి. మన దేశంలో ఉల్కరాళ్ళను చూసుకునేది భారత భూగర్భ సర్వే. టెస్టుకు ముందు డబ్బు అడిగేవాడు మోసగాడు, అంతే.

చివరిగా ఒక మాట, సంఘం ముందు పెడుతున్నాను. మనం ఈ కరిసల్ నేలకు ఎప్పుడు వచ్చినాం, ఎక్కడి నుండి వచ్చినాం అని ప్రతి కూటంలో వాదన వస్తుంది. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క కథ. ఎనభై దాటిన పెద్దవాళ్ళు ఇంకా కొందరే ఉన్నారు. పుదూరు, కోవిల్పట్టి, విరుదునగర్ మూడు చోట్ల మూడు నోటుబుక్కులు పెడదాం. చెప్పింది ఎవరు, వయసు ఎంత, ఏ ఊరు, ఏ తేదీన చెప్పినారు, రాసింది ఎవరు. వాళ్ళు చెప్పినది చెప్పినట్టే, మన తెలుగులోనే. ఊరి పేరు వాళ్ళ నోట ఎట్లా వస్తే అట్లా. మన అభిప్రాయం వేరే పేజీలో. ఇది నిజమా, కట్టుకథా, ఏ జాతి, ఏ తరగతి అని తర్వాత వచ్చే పిల్లలు తేల్చుకుంటారు. వాళ్ళు మనకన్నా బాగా చదువుకున్నవాళ్ళు.

మొదటి నోటుబుక్కు నేను కొన్నాను. వచ్చే ఆదివారం నాగలాపురం పెద్దమ్మ ఇంటికి పోతున్నాను. ఆమెకు చెవి సరిగా వినపడదు, కానీ మాట స్పష్టం. తోడు ఎవరైనా వస్తే కింద రాయండి, ఉదయం ఏడు గంటల బస్సు.